అంజినప్ప మామ బ్లేడ్లు

మా అంజినప్ప మామ కొత్త బ్లేడ్లను ఊరందరికీ పంచేవాడు. తాను వాడిన బ్లేడును మాత్రం బ్రహ్మదేవుడడిగినా ఇచ్చేవాడు కాదు. ఈ ఒక్క వింతతోనే హొసకోటలో ఆయన్ను ఎరగనివాళ్లు లేకుండా పోయారు.

సెలూన్ చిక్కమునియప్ప దగ్గరికి సొంత బ్లేడుతో వెళ్లేవాడు. గడ్డం అయ్యాక చెయ్యి చాపేవాడు.

“నా బ్లేడు ఇయ్యప్పా.”

“దీంతో ఏం చేసుకుంటావు అంజినప్పా? ఇంకొకరి గడ్డానికి వస్తాది, ఉండనీ.”

“నేను పిసినారినిలే. ఇయ్యి.”

దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, డబ్బాలో వేసి మూత బిగించేవాడు.

పెండ్లిళ్లలో అందరూ స్టీలు బిందెలు చదివిస్తే ఈయన బ్లేడ్ల పాకెట్టు చదివించేవాడు. మా తమ్ముడి పుట్టువెంట్రుకలు తీయించేరోజు, తలకొక కొత్త బ్లేడు పెట్టాల్సిందేనని గుడి దగ్గర పోట్లాడి ముహూర్తం దాటించాడు. మా అమ్మ గంగమ్మకు తల కొట్టేసినట్టయింది.

“తోడబుట్టినోడని ఇంట్లో పెట్టుకుంటే నా మానం తీస్తా ఉండాడు” అని నెల రోజులు సణిగింది.

మామకు బస్టాండు పక్కన ఇడ్లీ హోటలు ఉండేది. ఏడాదికి రెండుసార్లు దాన్ని మూసేసి, బ్లేడ్లు తేవాలని బెంగళూరు వెళ్లేవాడు.

“హొసకోటలో దొరకవా?” అనేది అమ్మ.

“బెంగళూరు బ్లేడుకు పదునెక్కువక్కా.”

2003లో అలాగే వెళ్లాడు. సాయంత్రం బస్సులన్నీ వచ్చాయి, మామ రాలేదు. పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారట, ఇంట్లోవాళ్లందరూ రావాలట. ‘అందరూ’ అన్న మాటకు అమ్మ నన్నూ తమ్ముణ్నీ లాక్కుని దొరికిన బస్సెక్కింది.

డాక్టర్ ఫాతిమా కర్నూలావిడ. “ఈయనకు హెపటైటిస్ బి ఉంది. పన్నెండేళ్లుగా స్కానింగుకు వస్తున్నారు. ఈసారి లివర్‌లో గడ్డ కనిపించింది. క్యాన్సరే. ఎంతవరకు పాకిందో చూడాలి” అంది.

మామ తెచ్చే పదును ఏ అంగడిదో నాకప్పుడు తెలిసింది.

“కామెర్లు కూడా రాలేదే వీనికి” అంది అమ్మ.

“ఈ వైరస్ చప్పుడు చేయదమ్మా. కణంలోకి బాడుగకు దిగుతుంది, తరవాత వంటిల్లు లాక్కుంటుంది. కణం చక్కెరను నిదానంగా పూర్తిగా వాడుకోవాలి. ఇది ఉంటే తొందరపడి సగం సగం కాలుస్తుంది, కొవ్వు పోగేస్తుంది. మిగిలిన సరుకుతో కొత్త కణాలను కట్టుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి వాపు, మరమ్మతు, మళ్లీ వాపు. ఒకచోట ఆ కట్టడం ఆగకపోతే అదే క్యాన్సర్.”

“ఖాళీ చేపించండమ్మా దాన్ని.”

“పూర్తిగా ఖాళీ చేయించే మందు లేదు. ముందు గడ్డ సంగతి చూద్దాం. ఇది రక్తం ద్వారా అంటుతుంది. మీ అందరి రక్తం కూడా చూడాలి.”

ముగ్గురమూ రక్తమిచ్చి డాక్టర్ వెంట వార్డులోకి వెళ్లాం. అమ్మ మంచం దగ్గర నిలబడి మామను కడిగేసింది.

“నాకొక మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు?”

“చెప్తే నా చేతి ఇడ్లీ ఎవరు తింటారక్కా?”

“తిండితో అంటదు” అంది డాక్టర్.

“మీకు తెలుసు డాక్టరమ్మా. హొసకోట బస్టాండుకు తెలీదు గదా.”

మర్నాడంతా వరండాలోనే కూర్చున్నాం. చెప్పుల చప్పుడైతే చాలు, అమ్మ లేచి నిలబడేది. చీకటి పడే వేళకు డాక్టర్ కాగితాలతో వస్తే, ఆమె వెంట మామ మంచం దగ్గరికి వెళ్లాం. మామ తన సంగతి అడగలేదు.

“వీళ్ల రక్తం ఏమైందమ్మా?”

“ముగ్గురికీ లేదు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఎలా కాపాడారండీ?”

“పెద్ద పనేముందమ్మా. నా బ్లేడు ఇంకొకరి మీద పడనీలేదు, ఒకరిది ఇంకొకరి మీద పడనీలేదు. నాకు ఎవురి బ్లేడుతో అంటిందో ఏమో” అని మామ గట్టిగా ఊపిరి వదిలాడు. “ఇంక నాది చెప్పండి.”

“ఒకటే గడ్డ, చిన్నది. ఎక్కడికీ పాకలేదు. కోసి తీసేస్తాం. తరవాత కూడా స్కానింగు మానకూడదు.”

అమ్మ బయటికి వెళ్లిపోయింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చి, కొంగులోంచి కొత్త బ్లేడ్ల పాకెట్టు తీసి మామ దిండు పక్కన పెట్టింది.

“ఏమిటికక్కా ఇవి?”

“ఉగాది దాటినాక పక్కింటి చౌడమ్మ కూతురి పెండ్లి ఉండాది. నువ్వు రాకుంటే ఇవి ఎవరు చదివిస్తారు?”