యూనిఫాంలో ఉన్నంతసేపు

కెనడాలోని హాలిఫాక్స్‌లో చదువుకునే రోజుల్లో కాఫీ షాపులో పార్ట్‌టైమ్ పనికి ఫెర్రీలో వెళ్లేవాణ్ణి. ఒకరోజు ఆ పడవలో నేవీ యూనిఫాంలో ఉన్న ఒకావిడ నా ఫోన్ మాటలు విని తెలుగులో పలకరించింది. ఎదురుగా ఇద్దరు తుపాకుల నిషేధం గురించి వాదించుకుంటున్నారు.

"మిలిటరీవాళ్లంతా తుపాకులు ఉండాలనే పార్టీకే ఓటేస్తారట కదక్కా?" అన్నాను.

ఆవిడ తన నేమ్‌ట్యాగ్ మీద వేలు పెట్టి చూపించింది. "ఇది ఉన్నంతసేపు నాకు పార్టీ లేదు తమ్ముడూ."

"ఇంటికెళ్లాక?"

"రోజూ గొడవే. మా ఆయనకి వేట పిచ్చి. నాకేమో ఇంట్లో తుపాకీ ఉంటే నిద్ర పట్టదు. ఇద్దరిదీ నేవీనే," అని నవ్వింది.

ఆ సాయంత్రం కౌంటర్ దగ్గర ఒకాయన, ఈ ఊళ్లో బయటి దేశాల స్టూడెంట్లు మరీ ఎక్కువైపోయారు, నువ్వేమంటావని నన్నే అడిగాడు. నా నేమ్‌ట్యాగ్ మీద వేలు పెట్టి, చక్కెర ఎంత వేయమంటారని అడిగాను.

గదికి వెళ్లాక మాత్రం, నా జవాబంతా రూమ్మేట్లు వినాల్సి వచ్చింది.