సాదా బైనామా మీద సింగపూర్ బండి

మా వైపు భూమి కొనాలంటే ఒక తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, నాలుగు చాయలు చాలు. దాన్ని సాదా బైనామా అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు అనేది ఒకటుందని మా బాపుకు తెలుసు, చంద్రుడున్నాడని తెలిసినట్టుగా. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం ఆయనకెప్పుడూ పడలేదు. అందుకే సింగపూర్ నుంచి వచ్చిన పాత కారును కూడా తెల్లకాగితం మీదే కొన్నాడు. కారుకు నాలుగు దిక్కుల హద్దులు ఒక్కటే రాయలేదు. అదీ నేను అడ్డం పడితే.

హుజూరాబాద్ మార్కెట్ యార్డు పక్కన మాకు విత్తనాల దుకాణం ఉంది. నడిపేది అవ్వ, బాపు తల్లి. బాపు వ్యవసాయం చేస్తాడు. ఆయనకూ విత్తనాలు అవ్వే అమ్ముతుంది, ఉద్దెర మాత్రం ఇవ్వదు. కొన్నేళ్ల కింద బాత్రూంలో జారిపడి ఆమె నడుము దెబ్బతింది. కాళ్లు పనిచేయడం మానేశాయి. నోటికి ఏమీ కాలేదు. దుకాణానికి పోవాలంటే నలుగురు కలిసి ఆమెను ఆటోలోకి ఎత్తాలి. "వడ్ల బస్తను గూడ జర మర్యాదగ ఎత్తుతరు" అని ఒకరోజు అంది. మర్నాటి నుంచి పోవడం మానేసింది. ఏడాదికి పైగా గడప దాటలేదు. ఇంట్లో కూర్చుని ఫోన్లో ధరలు చెప్పేది. ఆమెకు కావలసింది ధర చెప్పడం కాదు, చెప్పినప్పుడు ఎదుటివాడి ముఖం చూడటం. ఆ వ్యాపారం ఫోన్లో సాగదు.

అప్పుడు తెలిసింది ఈ కారు సంగతి. ఆదిలాబాద్‌లో ఒక ఇంజనీరు సింగపూర్ ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు, అక్కడ తను వాడిన కారును తల్లి కోసం ఓడలో వేయించి తెచ్చుకున్నాడు. మీట నొక్కితే ముందు సీటు పక్కకు తిరిగి, బయటికి వచ్చి, దాదాపు నేల దాకా దిగుతుంది. అక్కడి నుంచి చక్రాల పీట మీదికి చేతులతోనే జరగొచ్చు, ఎవరూ ఎత్తక్కర్లేదు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ తల్లి పోయింది. ఆయన మళ్లీ సింగపూర్ వెళ్లిపోతూ కారు అమ్ముతానన్నాడు. బాపు అవ్వ దగ్గర పైసలు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆదిలాబాద్ పోయి, అక్కడే బైనామా రాయించుకుని, కారుతో తిరిగి వచ్చాడు.

మొదటి రోజు అవ్వ ఆ సీటు మీద మా దుకాణం ముందు దిగుతుంటే బజారంతా నిలబడి చూసింది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. "షట్టర్ సగమే ఎత్తిండ్రేంది?" అని అడిగింది.

ఏడెనిమిది నెలలు అంతా బాగానే ఉంది. ఆ తర్వాత కస్టమ్స్ వాళ్లు కారు కోసం ఆదిలాబాద్‌లో ఆ ఇంజనీరు ఇంటికి పోయారు. ఇల్లుంది, కారు లేదు. పక్కింటివాళ్లు మంచివాళ్లు. మా చిరునామా, దుకాణం గుర్తులు, అవ్వ ఏ వేళకు అక్కడుంటుందో కూడా చెప్పి పంపారు. వారం దాటకుండా నోటీసు వచ్చింది. కారును ఆధీనంలో ఉంచుకున్న వ్యక్తి, కారుతో సహా, హైదరాబాద్‌లో హాజరు కావాలి.

నోటీసు చదివి బాపుకు విషయం చెప్పాను.

"ఆయన తక్కువ ధర చూపెట్టి పన్ను ఎగ్గొట్టిండట బాపు. పైనుంచి రెండేండ్ల దాక అమ్మొద్దని షరతుతోని తెచ్చుకున్నడట. మనకేమో ఆర్నెల్లకే అమ్మిండు. గందుకే బండి గుంజుకుంటమంటుండ్రు."

"మనకు గా ముచ్చట చెప్పలే."

"మనం అడుగలే."

"బైనామా ఉన్నది కద?"

"ఉన్నది. షరతు తప్పిండని రుజువు చేసే కాగితం అదొక్కటే."

బాపు నోటీసు తీసుకుని 'ఆధీనంలో ఉంచుకున్న' అన్న చోట వేలు పెట్టాడు. "చూసినవా? కబ్జ మనదే అని వాళ్లే రాసిండ్రు. ఇగ ఫికర్ ఏంది?"

సాదా బైనామా భూముల తగాదాల్లో కబ్జాయే, అంటే భూమి ఎవరి చేతిలో ఉందన్నదే, ప్రాణం. ఎంత పాత కబ్జా అయితే అంత బలం. ఆ లెక్కన బాపు ఇద్దరు సాక్షులను సిద్ధం చేశాడు. ఒకరు మా దుకాణం ఎదుటి హోటల్ చాచా, రెండోవారు బాపు తమ్ముడు, మా చిన్నబాపు. ఇది భూమి కాదని, ఇక్కడ కబ్జా ఎంత పాతదైతే అంత ముప్పని నేను చెప్పి చూశాను. "నీకు ఎం.కాం. చదివిచ్చింది నన్ను భయపెట్టనీకేనా?" అన్నాడు బాపు. ఆ చదువుకు అంతకంటే మంచి ఉపయోగం అప్పటికి నాకూ కనిపించలేదు.

విచారణ రోజు అందరం ఆ కారులోనే బయలుదేరాం. అవ్వ సాక్షి కాదు. కానీ తను లేకుండా కారు గేటు దాటదని ముందే చెప్పింది. హైదరాబాద్ చేరాక ఆమెను ఆఫీసు ఆవరణలో కారులోనే ఉంచి మేము పైకి వెళ్లాం.

అధికారి మర్యాదస్తుడు. అందరినీ కూర్చోమన్నాడు. మొదట చాచాను అడిగాడు, కారు వీళ్ల దగ్గర ఎప్పటి నుంచి ఉందని.

"ఏడాదిన్నర పైనే సాబ్. ఖుదా కసం."

నిజానికి ఏడాది కూడా నిండలేదు. బాపు తృప్తిగా మీసం సవరించుకున్నాడు. చిన్నబాపు పరాయివాడి కంటే వెనకబడే మనిషి కాడు.

"గంతేనా చాచా? రెండేండ్లాయె సార్! నా కండ్ల ముందట దిగింది బండి."

అధికారి ఫైలు తిప్పాడు. "రెండేళ్ల కిందట ఈ కారు ఇంకా ఓడ ఎక్కలేదండీ."

"గప్పటికే మాట అయిపోయింది సార్," అన్నాడు చిన్నబాపు, తడుముకోకుండా. "మాట ముఖ్యం గద."

అంటే కారు ఇండియాలో దిగకముందే మాదన్నమాట. ఇంజనీరు పేరు మీద మేమే తెప్పించుకున్నామన్నమాట. నేను ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. అధికారి ప్రతి ముక్కా రాసుకున్నాడు. తన సర్వీసులో ఇంత సహకారం ఎప్పుడూ దొరకలేదన్నాడు. అది వెటకారం కాదు, నిజంగానే కదిలిపోయాడు.

"సార్, వీళ్లు చెప్పింది సాక్ష్యం కాదు, అభిమానం," అన్నాను. "బండిని తెచ్చినాయన వేరు, కొన్నవాళ్లం మేము వేరు. పన్ను తెచ్చినాయనను అడగండి."

"ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

"మేము ఎత్తినం కాబట్టి మేము కట్టాలా?"

అధికారి ఫైలు మూసి లేచాడు. కారును ఇక్కడే వదిలి వెళ్లాలని, పంచనామా రాయాలని, తన కింది ఉద్యోగిని వెంటబెట్టుకుని కిందికి వచ్చాడు. కారులో అవ్వ అతని కోసమే చూస్తున్నట్టుంది.

"నువ్వేనా బిడ్డా బండి గుంజుకునేది?"

"నేను కాదమ్మా, చట్టం."

"గాయన్ని గూడ పిలువు. మాట్లాడుత."

"అమ్మా, మీరు దిగాలి."

అవ్వ మీట నొక్కింది. సీటు తిరిగి, బయటికి వచ్చి, మెల్లగా అతని బూట్ల దాకా దిగింది. ఆమె అక్కడి నుంచి తలెత్తి అతన్ని చూసింది. మళ్లీ మీట నొక్కింది. సీటు అంతే మెల్లగా పైకి లేచి లోపలికి పోయింది.

"దిగుమన్నవ్, దిగిన," అంది. "నన్ను దించేది గీ సీటొక్కటే. ఇది మీరు తీసుకుంటే నన్నేం జేస్తరో గది గూడ రాయుండ్రి. బండిల ఏమేం దొరికినయో రాస్తరు గద? ఒక ముసల్ది దొరికిందని రాయి."

కింది ఉద్యోగి నిజంగానే పెన్ను ఎత్తాడు. అధికారి చేత్తో వారించాడు. ఆ తర్వాత ఇద్దరూ పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి సుపర్ద్‌నామా అనే కాగితం తెచ్చారు. కారు జప్తయినట్టే, కానీ ప్రభుత్వం తరఫున అవ్వ దగ్గర భద్రంగా ఉంటుంది. అమ్మకూడదు, మార్పులు చేయకూడదు, పిలిచినప్పుడు తేవాలి.

"దుకాణానికి పోవద్దని ఉన్నదా గండ్ల?" అని అవ్వ నన్ను అడిగింది.

"లేదు," అన్నాను, అధికారి నోరు తెరిచేలోపే.

అవ్వ సంతకం పెట్టింది.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఎగ్గొట్టిన పన్ను, దాని మీద జరిమానా మేమే కట్టి కారు విడిపించుకోవాలి, లేదంటే కారు ప్రభుత్వానిది. ఆ మొత్తానికి ఇక్కడే రెండు కొత్త కార్లు వస్తాయి, సీట్లు మాత్రం దిగవు. కట్టేసి బయటపడమన్నాడు వకీలు. బాపు అరెకరం అమ్ముతానన్నాడు, ఈసారి రిజిస్ట్రేషన్ చేయించే అమ్ముతాడట.

"గుంటెడు గూడ అమ్మేది లేదు," అంది అవ్వ. "నేను తేలే, నేను దాచలే. పైసలిచ్చి కొన్న. తెచ్చినోడు దొరుకుతలేడని దొరికినదాన్ని పట్టుకుంటరా? పోరాడుండ్రి."

అప్పీలు నేనే రాశాను, వకీలు కామాలు సరిచేశాడు. చట్టప్రకారం ముందు కట్టాల్సిన చిన్న భాగం కట్టాం, అంతకు మించి కట్టలేదు. ఓడిపోతే పై కోర్టుకు పోతాం. అక్కడా ఓడిపోతే అవ్వ సీట్లోనే కూర్చుంటుంది. ఆ తర్వాత చట్టం ఏం చేస్తుందో చూడాలని నాకూ కొంత కుతూహలంగానే ఉంది.

మొన్న దుకాణం ముందు ఆమె దిగుతుంటే, పక్క ఎరువుల షాపు యజమాని పలకరించాడు. "ఏం పెద్దమ్మా, నీ బండి సర్కారు జప్తు చేసిందట గద?"

"అవు, సర్కారు బండే," అంది అవ్వ సీటు నేలకు ఆనేదాకా ఆగి. "ఏం, నువ్వు బస్సు ఎక్కుత లేవా?"