ఏటి పల్లం కొన్న రోజు

పాతపట్నం వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నాను, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఏడు దాటాక బస్సెక్కితే నిలబడే వెళ్లాలి. నేనూ సువార్తమ్మా ఆరుంపావుకే వెళ్లి శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీట్లు పట్టాం. సువార్తమ్మ మా చర్చి మహిళా సమాజానికి అధ్యక్షురాలు. నేను రిటైరైన లెక్కల టీచర్ని. పెద్ద నోట్లు రద్దైన మరుసటేడు, ఆరుద్ర కార్తె. సమాజం తరఫున ఏటి ఒడ్డున ఎకరం పల్లపు పొలం రిజిస్ట్రేషను చేయించుకోడానికి ఇద్దరం బయల్దేరాం.

ఎందుకు కొంటున్నామంటే, ఒళ్లు మండి. పాతపట్నం దగ్గర మహేంద్రతనయ ఒడ్డున మా పుట్టినూరు. మా తమ్ముడు ప్రకాశం ఇప్పటికీ అక్కడ వల వేసుకునే బతుకుతున్నాడు. తొలి వానలకి ఏరు ఒడ్డు పొలాల్లోకి ఎక్కుతుంది. ఆ మోకాలిలోతు నీళ్లలో, గడ్డి మధ్య కొర్రమీనులు గుడ్లు పెడతాయి. ఇటుకల బట్టీ ఆసామి ఒకడు ఆ పొలాలు వరసపెట్టి కొనేసి, మట్టి కోసం నిలువులోతు తవ్వి పారేశాడు. ఇప్పుడక్కడ గడ్డీ లేదు, గుడ్లూ లేవు, తమ్ముడి వలలో నాచు తప్ప ఏమీ లేదు. అర్జీలు పట్టుకుని తిరిగాం. "సొంత పట్టా భూమమ్మా, ఆయనిష్టం. అంత బాధైతే మీరే కొనుక్కోండి" అన్నాడొక పెద్దమనిషి పళ్లికిలిస్తూ. ఆ నవ్వు నేను చచ్చినా మరిచిపోను. తవ్వకుండా మిగిలింది ఒక్క అప్పలనాయుడి పల్లం. సరే, కొనే చూపిద్దాం అనుకున్నాం.

శ్రీకాకుళంలో దిగి ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ దూదిలా ఉంది, చట్నీ మాత్రం ఒట్టి నీళ్లు. ఎనిమిదిన్నరకి పాతపట్నం బస్సు దొరికింది. నరసన్నపేటలో సగం మంది దిగి, అంతకు రెట్టింపు ఎక్కారు. విత్తనాల సంచి ఒళ్లో పెట్టుకున్న రైతొకాయన నా పక్కన కూర్చుని, మా పనేంటో అడిగి తెలుసుకుని నోరు వెళ్లబెట్టాడు.

"ఆ పల్లమా! వానొస్తే మునిగిపోద్ది కదమ్మా. ఎవులో మీకు బాగా అంటగట్టినారు."

"మునుగుతుందనే కొంటున్నాం" అన్నాను.

ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, సంచితో సహా వెనక సీటుకి వెళ్లిపోయాడు. సువార్తమ్మ నా తొడ మీద ఒక్కటిచ్చింది. "ఒసే, నోరు కట్టుకోవే. సేపల కోసమని నాయుడి సెవిలో పడితే రేటు పెంచెస్తాడు." కూరగాయల తోటకని నాయుడికి చెప్పించింది ఆవిడే. మూడు నెలలుగా అదే మాట మీద ఉన్నాం.

పదింబావుకి దిగాం. అప్పలనాయుడు గొడుగు పట్టుకుని బస్టాండులోనే ఉన్నాడు. రిజిస్ట్రేషను ఆఫీసులో పెద్దగా జనం లేరు, పదకొండున్నరకల్లా సంతకాలైపోయాయి. మేం వెళ్లొస్తామంటే నాయుడు వదల్లేదు. "నేల అమ్మినోడు దాని మీద ఆఖరి పంట కొన్నోలికి వండి పెట్టాల. మా ఇంట్లో రివాజు" అని ఆటో ఎక్కించాడు. ఆటోవాడు మనిషికి ఇరవై తీసుకున్నాడు, దారంతా గోతులే.

నాయుడి భార్య పైడమ్మ చాపలేసి విస్తళ్లు పరిచింది. పొగలు కక్కే అన్నం పెట్టి, పులుసు పోసింది. పక్కన గుప్పెడేసి చేప గుడ్ల వేపుడు.

నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నాయుడు గారూ, ఈ చేపలెక్కడివి?"

"మీ పల్లంలోవే టీచరమ్మా!" ఎంత సంబరమో ఆయన మొహంలో. "ఈ యేడు ఆ నేల మీద వేరే పంటేటుంది? నీరెక్కిన కాడినుంచి గట్టు గండికి బుట్ట కట్టి పట్టినాను. కడుపుతో ఉన్నవి, బలే రుసి. బతికినవి గోలెంలో ఉన్నాయి, మీరు ఊరట్టుకెళ్దురు గాని."

లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో నాకే తెలీదు, గొంతు ఇల్లెగిరిపోయేలా లేచింది. ఇవి గుడ్లు పెట్టాలనే కదండీ నేల కొన్నది, నా తమ్ముడి పొట్ట కొట్టారు కదండీ అని అరిచేశాను. పైడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సువార్తమ్మ మాత్రం, ఆ మహాతల్లి, వేపుడు కలుపుకుని తింటూనే ఉంది.

అప్పుడొచ్చింది నాయుడికి కోపం.

"తోటకన్నారు కదమ్మా! సేపలకని ఒక్క మాట సెప్పుంటే నేను బుట్ట కడుదునా? రేటు పెంచెస్తాననుకున్నారేటి? బట్టీవోడు మీకన్నా ఎక్కువే ఇత్తానన్నాడు. మా అయ్య దున్నిన నేల గొయ్యి సెయ్యడం ఇష్టం నేకే మీకిచ్చినాను. నన్నేటనుకున్నారమ్మా మీరు?"

నాకు తల తీసేసినట్టయింది. మూడు నెలలు ఆ మనిషి ఇంట్లో మజ్జిగ తాగుతూ అబద్ధమాడాం. బట్టీ ఆసామి మీద, అర్జీలు తీసుకున్నవాళ్ల మీద, దారిపొడవునా ఎంత మండిపడ్డానో, అదంతా సువార్తమ్మ మీదికీ, ఆవిడకి తలూపిన నా మీదికీ తిరిగింది.

గోలెంలో ఐదు కొర్రమీనులు కదులుతున్నాయి. పైడమ్మ రెండు బిందెల నిండా నీళ్లు పోసి వాటిని అందులోకి తీసింది. ఆవిడ చంకనొకటి, నా చంకనొకటి. జారుడు గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. పల్లంలో గడ్డి మొనలు మాత్రమే నీటి పైకి కనిపిస్తున్నాయి. బిందెలు వంచగానే చేపలు గడ్డిలోకి దూరిపోయాయి. నాయుడు గండికి కట్టిన బుట్టని ఊడబీకి, కాలితో తొక్కి విరిచేశాడు. ఐదు చేపలతో ఏమవుతుంది? ఆయన్నడిగే మొహం నాకు లేదు.

సాయంత్రం గుణుపురం నుంచొచ్చే ప్యాసింజరు పాతపట్నంలో అరగంట ఆలస్యం. ఈ బండికి సీట్లు సులువుగానే దొరుకుతాయి, ఫ్యాన్లు మాత్రం తిరగవు. టెక్కలి దాటేదాకా నేను సువార్తమ్మతో మాట్లాడలేదు. పొద్దుట్నుంచీ ఇడ్లీ తప్ప ఏమీ తినలేదేమో, కడుపు కాలిపోతోంది. బయల్దేరేటప్పుడు పైడమ్మ మాటా పలుకూ లేకుండా నా చేతిలో పెట్టిన గిన్నె గుర్తొచ్చింది. మూత తీశాను. అన్నం, ముద్దపప్పు, ఓ పక్కన ఆవకాయ.

సువార్తమ్మ మెడ చాచి చూసింది. "అంత పులుసుండిపోయింది కదే, ఒక్క సేప ముక్కైనా పెట్టలేదేటి?"

"నేల ఎందుకు కొన్నామో ఇప్పుడావిడకి తెలుసు కదా" అన్నాను.

సువార్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను పప్పూ ఆవకాయా ముద్ద కలుపుకున్నాను.