అడిగితే రాని సాంటా

చైత్రకి దేశం దాటి ఈ క్రెయిగీబర్న్ ఊరికి వచ్చేదాకా సాంటా గురించి పెద్దగా తెలియదు. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. అక్కడా చర్చి ఉందిట గాని, క్రిస్మస్ అంటే కొత్తబట్టలు, కేకు, రాత్రిపూట పాటలు, అంతే. సాక్సుల్లో బహుమతులు కుక్కి వేలాడదీయడం ఎవరింట్లోనూ చూడలేదంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. స్కూల్లో టీచరు చెబుతుంది, షాపులో పాట చెబుతుంది, పక్కింటి పిల్ల చెబుతుంది. మా వీధిలో దీపావళికి కట్టిన సీరియల్ లైట్లు క్రిస్మస్ దాకా ఎవరూ విప్పరు. దేవుడు మారతాడు గాని కరెంటు బిల్లు మారదు.

నేను వాళ్ళ పక్కింటిదాన్ని, జయశ్రీని. తెనాలి నించి వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాను. వీధిలో కుర్రవాళ్ళందరికీ ఆంటీని. చైత్ర ముసలివాళ్ళ హోములో వంటింటి పని చేస్తుంది. భర్త సాయితేజ గోడౌన్లో పెట్టెలెత్తి, నడుములో డిస్కు జారి, మంచం పట్టాడు. వాళ్ళది పర్మనెంటు వీసా కాదు, అతనిది పర్మనెంటు ఉద్యోగమూ కాదు. కాబట్టి సాయం కోసం ఏ ఆఫీసుకి వెళ్ళినా మర్యాదగా నవ్వి పంపించేశారు. నలుగురూ ఆ పిల్ల జీతం మీద బతుకుతున్నారు. కొడుకు కిట్టుకి ఏడేళ్ళు. కూతురు అపూర్వకి నాలుగు, ఇంట్లో అప్పూ అంటారు.

దీపావళి వెళ్ళగానే బొమ్మల కేటలాగు పోస్టుబాక్సులో పడింది. కిట్టు పెన్ను పట్టుకుని పేజీ పేజీకీ సున్నాలు చుట్టాడు. ఆ వారమే సూపర్‌మార్కెట్లో ఒక బొమ్మ కోసం అప్పూ నేలమీద పడి దొర్లింది. వెనక లైన్లో జనం. చైత్రకి ప్రాణం చచ్చిపోయిందిట. అక్కడికక్కడే ఒక షరతు పుట్టించింది. సాంటా చూస్తున్నాడు, అది కావాలి ఇది కావాలి అని అడిగే పిల్లల ఇంటికి రాడు. ఇద్దరిలో ఒక్కరు అడిగినా ఇద్దరికీ బహుమతి రాదు.

నాతో చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఏం కావాలో అడగమనేవాడేగా ఇక్కడి సాంటా. స్కూల్లో ఉత్తరాలు కూడా రాయిస్తారు. నువ్వు మన బూచాడికి ఎర్రకోటు తొడిగి తెచ్చావేమిటే" అన్నాను.

"ఏం జేయాలె ఆంటీ. అడిగితే కాదనాలె. కాదంటే ఏడుస్తరు. వద్దు వద్దు అని నా నోరు నొస్తుంది. ఇప్పుడు షాపుకి పోతే ఒక్కరు నోరు తెరుస్తలేరు" అంది. ఆ రోజు దాని మొహంలో కాస్త కళ కనిపించింది కూడా.

ఆ పిల్ల తెలివి తక్కువదని మాత్రం అనలేను. ఎలాగూ కొనక తప్పనివే సాంటా ఖాతాలో వేసింది. టూత్‌బ్రష్షులు, బనీన్లు, అప్పూ జడకి క్లిప్పులు, వచ్చే ఏడాది స్కూలుకి కావాల్సిన క్రేయాన్లు. చవక షాపులో పెద్ద ప్యాకెట్ రబ్బర్లు కొని రెండు వాటాలు వేసింది. వారానికొకటి తెచ్చి నా బీరువాలో దాచేది. ఎర్ర స్టాకింగులు అమ్ముతారు గాని, వాటికి డబ్బు దండగని, కిట్టు స్కూలు సాక్సులు పొడుగ్గా ఉంటాయి కదా అవే చాలంది. కాళ్ళకి తొడిగేదాంట్లో బహుమతులేమిటని నేను మొహం చిట్లిస్తే, "ఉతికినవే పెడత గదా ఆంటీ" అని నవ్వింది.

ఇక కిట్టు గురించి రోజూ పొగడ్తలే. "వాడు బంగారం అయిపోయిండు ఆంటీ. ఏదీ అడుగుతలేడు. స్నానం చేసేటప్పుడు తన సాక్సులు తనే ఉతుక్కుంటుండు." నిజంగానే నెమ్మదించాడు వాడు. వీధిలో బంతి వెనక పరిగెత్తేవాడు కాస్తా మెట్టుమీద కూర్చుని చూడటం మొదలెట్టాడు. ఏరా ఒంట్లో బాగాలేదా అని ఒకసారి గోడమీంచి అడిగాను. "ఐయామ్ గుడ్, ఆంటీ" అన్నాడు. ఈ పిల్లలందరూ అనే మాటే.

స్కూలు మూసే వారం. మధ్యాహ్నం షిఫ్టు లేదని చైత్ర మా ఇంటికొచ్చింది. కిట్టు స్కూలు నించి వచ్చేశాడు, పిల్లలిద్దరూ వాళ్ళ నాన్న దగ్గర టీవీ చూస్తున్నారు. బీరువాలోవన్నీ బల్లమీద పరిచి, రెండు కుప్పలుగా సర్దుకుని, వాళ్ళింటి బాత్రూములో ఆరేసున్న కిట్టు సాక్సులు తీసుకొచ్చింది. లోపలికి చెయ్యి పెట్టి చూసి ఆగిపోయింది. బొటనవేలి దగ్గర అట్టలా గట్టిగా తగిలింది. సాక్సుని తిరగేసింది. ఎన్నిసార్లు ఉతికినా పోని గోధుమరంగు మరక, దానికి అతుక్కుపోయిన టిష్యూ పేపరు. ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూసింది.

"ఇదేంది ఆంటీ?"

ఇద్దరం పరిగెత్తాం. ఇక్కడ డిసెంబరంటే నడివేసవి, బయట నలభై డిగ్రీల ఎండ. అంత ఉక్కలోనూ వాడు సాక్సులు వేసుకునే సోఫాలో కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే కాలు మఠం వేసి కిందకి లాక్కున్నాడు. చైత్ర వాణ్ణి పట్టుకుంటే నేను సాక్సు ఊడదీశాను. వాడు అరవలేదు, పెదవి కొరుక్కున్నాడు. బొటనవేలు ఉబ్బి, గోరు చుట్టూ నల్లబడి, చీము కారుతోంది. ఎరుపు చీలమండ దాకా పాకింది. తలుపు దగ్గరున్న స్కూలు బూటు తెచ్చి వాడి పాదం పక్కన పెట్టి చూశాను. పాదం బూటుకన్నా పొడుగుంది. ఆ బూట్లలో ఆ పిల్లాడు రోజూ స్కూలుకి నడిచి వెళ్ళొచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎన్నాళ్ళయిందని అడిగితే వాడు "నాట్ లాంగ్" అన్నాడు. నొప్పి ఎంతుందని అడిగితే "లిటిల్ బిట్" అన్నాడు. ఎక్స్‌రేలు తీశాక చీము ఎముకదాకా దిగిందన్నారు. మర్నాడు ఆపరేషన్ చేసి, గోరు తీసేసి, ఎముక గీకి శుభ్రం చేశారు. వేలు మిగిలింది గాని గోరు ఇక సరిగ్గా రాదన్నారు. మందు చేతి నరంలోంచి వారాల తరబడి ఎక్కించాలట.

వాడికి మత్తు వదిలాక చైత్ర అడిగింది. "బూట్లు చిన్నగైనయని ఎందుకు జెప్పలేదు బిడ్డా?"

"న్యూ షూస్ అంటే ఆస్కింగ్ కదా" అన్నాడు వాడు. "దెన్ అప్పూకి కూడా రాదు."

నాకు ఆ క్షణంలో చైత్ర చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణంలో దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. అది వాడి చెయ్యి పట్టుకుని, "అది అబద్ధం బిడ్డా. అమ్మ ఉత్తగనే చెప్పింది. నువ్వు ఏదైనా అడగొచ్చు, ఎంతైనా అడగొచ్చు" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. వాడు ఓపిగ్గా విన్నాడు. ఒక్క ముక్క నమ్మలేదని కళ్ళలోనే తెలుస్తోంది. అమ్మ ఓదార్చడానికి అంటోంది, షరతు షరతే. చివరికి తనే అమ్మకి ధైర్యం చెప్పాడు. "ఇట్స్ ఓకే, అమ్మా. ఐ డిడ్‌న్ట్ ఆస్క్. యూ ఫౌండ్ ఇట్." తను అడగలేదు, అమ్మే కనిపెట్టింది, కాబట్టి లెక్కలోకి రాదని వాడి వాదన.

పండగకి రెండు రోజుల ముందు వార్డులోకి సాంటా వచ్చాడు. ఎవరో రిటైరైన పెద్దాయన, దూదిగడ్డం కింద చెమట్లు కారిపోతున్నాయి. వెనక నర్సు బొమ్మల బండి తోసుకొస్తోంది. ఒక్కో మంచం దగ్గరా ఆగి ఏం కావాలని అడుగుతున్నాడు. పిల్లలు అడిగింది బండిలో ఉంటే అదే ఇస్తున్నాడు. చైత్ర కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను వంద చెప్పినా నమ్మలేదు, ఇప్పుడు స్వయంగా అడిగి తీసుకుంటే నమ్ముతాడు ఆంటీ అని నా చెవిలో అంది. ఆ పెద్దాయన మంచం దగ్గరికి రాకముందే వాడికి బండిలో ఉన్న రిమోట్ కారు చూపించింది. కేటలాగులో వాడు సున్నా చుట్టింది అలాంటిదే.

సాంటా మంచం దగ్గరికి వచ్చి వంగాడు. ఏం కావాలి బాబూ అని ఇంగ్లీషులో అడిగాడు. కిట్టు దుప్పటి గడ్డందాకా లాక్కుని తల్లివైపు చూశాడు.

"అడుగు బిడ్డా. నేనే చెప్తున్న గద, అడుగు" అంది చైత్ర.

వాడు తల్లి మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. తర్వాత కారువైపు చూశాడు. తర్వాత సాంటావైపు తిరిగి, "నథింగ్, థాంక్యూ" అన్నాడు.

"నథింగ్?" అని ఆయన నవ్వి, నర్సుతో, ఇన్నేళ్ళుగా వస్తున్నాను, ఇంత మంచి పిల్లాణ్ణి చూడలేదన్నాడు. వాడి తల నిమిరి, "గుడ్ బాయ్" అన్నాడు. నర్సు కూడా మురిసిపోయి, ఎంత బాగా పెంచారని చైత్రతో అంది. ఆ కారు వాడి పక్కన పెట్టారు. వాడు దాన్ని ముట్టుకోలేదు.

ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి వాడి మొహం తేటపడింది. సాంటా పక్క మంచానికి వెళ్ళేదాకా ఆగి, తల్లిని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"అమ్మా, సో అప్పూకి వస్తుందా?" అని గుసగుసగా అడిగాడు.

రాదని ఎలా అంటుంది. "వస్తది బిడ్డా" అంది చైత్ర.