మహబూబ్ భాయ్ మోటరు వాపసు ఇవ్వడానికి షామీర్‌పేట వెళ్లిన రోజు

పాలు పోసే మనిషి చెప్పిన ఒక్క మాటతో ఈ ప్రయాణం మొదలైంది. షామీర్‌పేటలో కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేసే మహబూబ్ భాయ్ చనిపోయి వారం దాటిందట. తొంభైల చివరి సంగతి ఇది. మేడ్చల్ పక్కన నాకు వరి పొలం, ఒక బావి ఉండేవి. ఆ రోజు నా బావి మీద తిరుగుతున్న మోటరు నాది కాదు, మహబూబ్ భాయ్‌ది. నాది కాలిపోయి ఆయన దుకాణంలో ఉంది.

పట్నంలో ఒక ఫ్యాక్టరీలో పని నేర్చుకున్న మనిషి ఆయన. అక్కడే దుకాణం పెడితే బాగుపడేవాడు. కానీ ఊరికి తిరిగొచ్చాడు. కరెంటు సరిగ్గా రాక మోటర్లు కాలిపోయే రోజులవి. వేరేచోట మోటరు ఇస్తే వచ్చే వారం రమ్మంటారు, ఆలోపు పొలం ఎండిపోతుంది. మహబూబ్ భాయ్ ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు. పాత సామాను కొని తనే బాగుచేసుకున్న మోటర్లలో ఒకటి ఇచ్చి, "నీది అయ్యేదాంక దీన్ని తిప్పుకో" అనేవాడు. కిరాయి తీసుకోడు, కాగితం రాయడు. ఒకటే షరతు. వాపసు తెచ్చేటప్పుడు మన బావి నీళ్లు ఒక సీసాలో తేవాలి. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూసేవాడు. ఇసుక కనిపిస్తే పైపు కొంచెం పైకి లాగమనేవాడు. తర్వాత ఒక గుక్క తాగేవాడు. చుట్టుపక్కల ఏ బావి ఎలా ఉందో ఆయనకు అలా తెలిసేది.

నేను మోటరు విప్పుతుంటే మా ఆమె అడ్డం నిలబడింది.

"వరి పొట్టమీదున్నది. గిప్పుడు మోటరు పట్కపోతె ఏంది గతి? ఆయననే లేకపాయె. నీ తాన ఉన్నదని ఎవరికెరుక?"

"నాకెరుక గద."

"అయితె ముందుగాల పోయి నీది అయ్యిందో లేదో అడిగి రా."

"నాది ఇస్తెనే ఆయనది ఇస్తనంటె బేరమైతది. చావింటికి బేరానికి పోతరా?"

ఆమె ఖాళీ సీసా కడిగి తెచ్చింది.

పొద్దున ఏడింటికి మేడ్చల్ బస్టాండు దగ్గర ట్రాలీ ఆటో మాట్లాడాను. డ్రైవరు యాదగిరి నూట యాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. సామాను లేనివాళ్లయితే సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు పోయే బస్సెక్కి షామీర్‌పేటలో దిగొచ్చు. కానీ మేడ్చల్ నుంచి పట్నం దాకా పోయి మళ్లీ పైకి రావడం దండగ, అడ్డదారే మేలు. గుంతలున్నా గంటలోపు చేరతారు. దారి పొడవునా ద్రాక్ష తోటలు పీకేసిన చోట ప్లాట్ల రాళ్లు పాతి సున్నం వేశారు.

"తాతా, నీ పొలంల గీ రాళ్లు ఎప్పుడు పాతుతవ్?" అన్నాడు యాదగిరి.

"నీ ఆటో తూకానికి ఎప్పుడమ్ముతవో చెప్పు, అదే దినం పాతుత."

వాడు పకపకా నవ్వి, మోటరు ఎవరిదని అడిగాడు. చెప్పాను. నవ్వు ఆపేశాడు. "మా బాపు మోటరు గూడ ఆయనే చేసిండు" అన్నాడు. అక్కడి నుంచి గుంతలు చూసి నడిపాడు.

షామీర్‌పేట బస్టాపు దాటి ఊళ్లోకి తిరిగే సందులో దుకాణం. షట్టరు సగమే ఎత్తి ఉంది. గడప దగ్గర కీసర నుంచి వచ్చిన మల్లేశం అనే రైతు తన కాలిన మోటరు పక్కన కూర్చున్నాడు. లోపల మహబూబ్ భాయ్ భార్య జైనబ్ ఉంది.

"మోటరు వాపసు తెచ్చిన చెల్లె" అన్నాను.

"కూసో అన్నా. నీది ఇంక విప్పనే లేదు. ఆఖరికి ఆయనకు చేతనైతలేకుండె."

మూలన నా మోటరు నేను దించిన రోజులాగే ఉంది. మిగతా అరువు మోటర్లన్నీ బావుల మీదే ఉన్నాయి. దుకాణంలో నడిచే మోటరు నేను తెచ్చిందొక్కటే. దాన్ని మల్లేశం చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను.

"ఆయన ఉంటే ఒక్కటే అడుగుతుండె," అంది జైనబ్. "ఎవరి పంట ముందు పోతది?"

"నా మడి మొన్ననే తడిసింది. నాలుగైదు దినాలు ఆగుతది" అన్నాను. ఎండుతోందని అబద్ధమాడినా ఎవరికీ తెలిసేది కాదు.

మల్లేశం తలెత్తలేదు. "నాది నెర్రెలు వాసింది పటేలా. రేపటికి ఉండది."

"మరి చూస్తవేంది? ఆటోల ఎక్కియ్" అన్నాను.

నా కాలిన మోటరు తీసుకుపోదామని లేచాను. జైనబ్ దానికి అడ్డంగా వచ్చింది.

"నేను చేస్త అన్నా. ఇన్నేండ్ల సంది కాయిళ్లు చుట్టింది నేనే. బిగించి నడిపి చూసుడు ఆయన చేస్తుండె. ఆయన లేడని వచ్చినోళ్లంత మోటర్లు మల్ల పట్కపోయిన్రు. నువ్వు గూడ పట్కపోతె ఇగ షట్టరు దించుడే."

"కాలితే?"

"కాలితే మల్ల చుడ్త."

"అయితె విప్పు" అన్నాను. మల్లేశం నా ముఖం చూసి, తన మోటరు కూడా లోపలికి నెట్టాడు.

సీసా ఇచ్చాను. భర్తలాగే వెలుగుకు పట్టి చూసింది. "ఇసుక లేదు. మంచిగున్నయ్." ఒక గుక్క తాగి, మూత పెట్టి, నా చేతికే ఇచ్చింది. "మేం ఆడోళ్లం ఖబ్రస్తాన్‌కు పోమన్నా. మిగిలినయి నువ్వే ఆయనకు పోయి."

ఊరి చివర ఖబ్రస్తాన్‌లో ఆయన సమాధి, కొత్త మట్టి కుప్ప. నీళ్లు పోద్దామని వంగితే మట్టి అప్పటికే తడిగా ఉంది. వాన పడి చాలా రోజులైంది, నాకంటే ముందే ఎవరో పోసిపోయారు. నా నీళ్లు కూడా పోసి వచ్చాను.

వారం దాటకముందే నా మోటరు యాదగిరి ఆటోలో ఇంటికొచ్చింది. ఆలోపు ఎత్తు మీది మడి ఒకటి ఎండిపోయింది, మిగతాది తర్వాత చేతికొచ్చింది. ఆ మోటరు మళ్లీ కాలలేదు. ఇన్నేళ్లలో ఎంతోమంది వ్యాపారులను చూశాను. దుకాణం పెద్దది చేసినవాళ్లే ఎక్కువ. మనిషి పోయినా దుకాణంలో అడిగే మాట మారకుండా ఉండడం నేను అక్కడే చూశాను. పొలాలు సగం ప్లాట్లయ్యాయి. జైనబ్ ఇప్పటికీ పొద్దున్నే షట్టరు పూర్తిగా ఎత్తుతుంది.

మోటరు పట్టుకుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మీ బావి నీళ్లు ఒక సీసా నిండా తీసుకెళ్లండి. ఆమె చూసి గుక్కెడు తాగుతుంది. మిగిలినవి ఆయనకు పోయడానికి ఖబ్రస్తాన్ నడిచిపోయేంత దూరమే.