మా దూది గదికి వచ్చిన ముగ్గురు

వచ్చారు. ముగ్గురూ వచ్చారు. మా ఇంటికే, నా కోసమే వచ్చారు. అన్నం తిన్నారు, దూది గదిలో పొద్దు వాలేదాకా ఉన్నారు, మళ్ళీ వస్తామని చెప్పి బస్సెక్కారు.

ముందు ఈ మాట చెప్పేస్తే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి నిలిచేలా లేదు. ఇందులో అంత సంబరం ఏముంది, ఇళ్ళకి మనుషులు రారా అంటారేమో. వస్తారు. పాల్వంచలో మా ఇంటికి రోజూ వస్తారు. వీధి గదిలోనే నాన్న పరుపుల దుకాణం. థర్మల్ కాలనీ వాళ్ళు షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చి దిండ్లు కుట్టమంటారు. అమ్మ కోసం చుట్టాలు వస్తారు. కానీ నన్నే అడుగుతూ మా గడప తొక్కిన మనిషి ఈ ఇరవై అయిదేళ్ళలో ఒక్కరు లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలని నాన్న వీధంతా మిఠాయి పంచిన రోజున కూడా, వచ్చినవాళ్ళంతా నాన్న చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు. నేను పరుపుల కట్టల వెనక కూర్చున్నాను.

మాది తాతల నాటి నుంచి దూది ఏకే ఇల్లు. తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. నాన్న మిషన్ పెట్టాడు. ఆ మోతకి నేను ఉయ్యాలలోనే గుక్కపెట్టి ఏడ్చేదాన్నట. కాస్త పెద్దయ్యాక దానికి మందు నేనే కనిపెట్టుకున్నాను. ఇంట్లో కావలసినంత దూది ఉంది కదా, చెవుల్లో కుక్కుకునేదాన్ని. బడికీ అలాగే వెళ్ళేదాన్ని. చెవిపోటా అని సార్లు అడిగేవారు. పిల్లలు దూదిపిల్ల అని పేరు పెట్టారు. మోత మరీ ఎక్కువైన రోజున వెనక దూది గదిలోకి వెళ్ళి, పరుపు ఒకటి నా మీదికి లాక్కుని దాని కింద పడుకుంటే ప్రాణం కుదుటపడేది.

"పరుపు మీద పండుకునేటోళ్ళను చూసిన గని, పరుపు కింద పండుకునే పిల్లను యాడ చూడలే" అనేది అమ్మ.

డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పని నాకు ఇష్టంగానే ఉండేది. మిగతాదే అంతుపట్టేది కాదు. ఎవరు ఊరికే నవ్వారో, ఎవరు నన్ను చూసి నవ్వారో తెలిసేది కాదు. ఫ్యాన్లు, ఫోన్లు, అందరూ ఒక్కసారే మాట్లాడటం. సాయంత్రానికి మాట పెగిలేది కాదు. ఒకరోజు అక్కడే బల్ల కిందికి దూరి బయటికి రాలేకపోయాను. సంగతి తెలిసి మా కాలేజీ మేడం ఒకావిడ, హైదరాబాద్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని చెప్పింది. చాలాసేపు మాట్లాడి, అమ్మానాన్నలని నా చిన్నతనం గురించి అడిగి, ఆ డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది.

అమ్మ నమ్మలేదు. "గది చిన్న పిల్లలకు గదా వచ్చేది? ఇది డిగ్రీ పాసయ్యింది."

తిరుగు బస్సులో నాన్న అడిగాడు. "మందేం రాసింది?"

"మందు లేదు నాన్నా. ఇది రోగం గాదు. నేను పుట్టినప్పటి సంది గిట్లనే."

"మరి గంత దూరం ఎందుకు పోయినం?"

"పేరు తెలుసుకోవడానికి."

కొత్తగూడెం దాటాక నాన్న తనలో తానే అనుకుంటున్నట్టు అన్నాడు. "పత్తిని మిషన్ల వేస్తం. బూరుగు దూదిని వేస్తే పొడిపొడై గాలికి పోతది. దాన్ని చేత్తోనే విప్పాలె. గట్లనే గావచ్చు."

"అవ్, నీకు లోకమంత దూదే" అంది అమ్మ. అలా అంటూనే నా చెవి పక్కన జుట్టు సర్దింది.

వచ్చేముందు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మీ వైపు నుంచే పెద్దయ్యాక ఈ సంగతి తెలుసుకున్నవాళ్ళు ఇంకొందరు ఉన్నారు, వాళ్ళు కూడా సరేనంటే మిమ్మల్ని కలుపుతాను అని. అలా ఫోన్‌లో మా గ్రూపు మొదలైంది. మధిరలో రైసుమిల్లు లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించే అబ్బాయి, భద్రాచలం అవతల అడవి ఊరి నుంచి వచ్చి దవాఖానాలో రక్తపరీక్షలు చేసే అక్క, జూలూరుపాడులో పత్తి వేసే అన్న. ఈ అన్నది తమాషా కథ. కొడుక్కి ఆటిజం అని చెప్పి డాక్టర్ లక్షణాలు వివరిస్తుంటే, "సార్, గివన్నీ నాకే ఉన్నయి గదా" అన్నాడట. అలా ఒకే చీటీ మీద ఇద్దరి సంగతీ తేలిపోయింది.

నెలల తరబడి రాసుకున్నాం. ఒకరు రాసినదానికి ఇంకొకరు రెండు రోజులకి జవాబిచ్చినా ఎవరూ అలగరు. బల్ల కిందికి దూరిన సంగతి నేను రాస్తే, "ఏ బల్ల? చెక్కదా, ఇనుపదా?" అని అడిగాడు మధిర అబ్బాయి. తనకి ఇనుపదైతే చలి పుడుతుందట. చదివి నేను ఎంత నవ్వానో. నా జీవితంలో నన్ను ఎవరైనా సరైన ప్రశ్న అడిగారంటే అదే.

ఒకసారి కలుద్దామా అని జూలూరుపాడు అన్న రాశాడు. సరేనన్నాం గానీ, ఎక్కడ? హోటల్ వద్దు, మిక్సీలుంటాయి. పార్కు వద్దు, మైకు పెడతారు. గోదావరి ఒడ్డున అంటే, ఎవరో ఒకరు వచ్చి పడవ ఎక్కుతారా అని అడుగుతూనే ఉంటారంది భద్రాచలం అక్క. అప్పుడు నేను రాశాను: "మా దూది గది ఉంది. శుక్రవారం మిషన్ నడవదు. చుట్టూ కప్పు దాకా దూది బస్తాలే. అందులో కూర్చుంటే వీధిలో లారీ పోయినా తెలియదు."

ముగ్గురూ సరేనన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో అడగలేదని.

నాన్న దిండు కుడుతున్నాడు. "ఏమైతరు వాళ్ళు నీకు?" అన్నాడు.

ఏమవుతారని చెప్పను? చుట్టాలు కారు, క్లాస్‌మేట్లు కారు.

"ఎన్నడన్న చూసినవా?"

"చూడలే."

"మగోళ్ళు గూడ ఉన్నరా?"

"ఇద్దరు. ఒక అక్క."

అమ్మ భయం వేరు. "ఫోన్ల దోస్తులు ఫోన్లనే ఉంటరు బిడ్డా. నేను వండి పెడ్త. నువ్వు గుమ్మంల నిలబడి చూస్తవు. ఎవ్వరు రారు. ఇగ మళ్ళ నువ్వు ఆ గదిల నుంచి బయటికి రావు. నాకు గదే భయం."

నా భయమూ అదే. వీళ్ళు కూడా రాకపోతే ఇక నాకు మనుషుల జోలి వద్దని లోపల నిర్ణయించేసుకున్నాను.

నాన్న పంటితో దారం తెంపాడు. "రానీ. ఇంట్ల మనం ఉంటం గదా. వచ్చినంక చూద్దాం, ఏమైతరో."

గురువారం అమ్మకి షరతులు చెప్పాను. తినండి తినండి అని బలవంతం చేయొద్దు. పెళ్ళయిందా అని అడగొద్దు. మొహంలోకి చూడకపోతే తప్పు పట్టొద్దు. కూరలు కలవకుండా విడివిడి గిన్నెల్లో పెట్టాలి.

"ఇంటికొచ్చినోళ్ళను తినుమనద్దు, అడగద్దు, చూడద్దు. ఇగ నేనెందుకు, ఆ గోడకు నా ఫోటో పెట్టు, చాలు" అంది అమ్మ.

"మధిర అబ్బాయికి బిర్యానీ వద్దట. పెరుగన్నం చాలట."

"మన ఇంటికొచ్చి పెరుగన్నమా? వీధిలోళ్ళకు తెలిస్తే నా పరువేంగాను?"

శుక్రవారం బస్టాండులో కలవాలి. ఫోటోలు పంపుకోవాలని మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. తాగునీళ్ళ కుళాయి దగ్గర అనుకున్నాం, అంతే. నేను చెవుల్లో దూది పెట్టుకుని, సంచిలో ఇంకాస్త వేసుకుని, ముందుగానే వెళ్ళాను. కుళాయి దగ్గర ఎవరూ లేరు. గళ్ళ చొక్కా ఆయన ఒకరు టైంటేబుల్ బోర్డు చూస్తున్నాడు. ఒకామె స్తంభానికి ఆనుకుని ఉంది. తలపాగా ఆయన ఒకరు దూరంగా బెంచీ చివర కూర్చున్నాడు. భద్రాచలం బస్సు వచ్చింది, పోయింది. ఖమ్మం బస్సు వచ్చింది, పోయింది. నా వైపు ఎవరూ రాలేదు. అమ్మ మాటే నిజమైందనుకున్నాను.

గ్రూపులో రాశాను: "నేను వచ్చాను."

వెంటనే జవాబు: "నేనూ వచ్చాను."

"నేను ఎప్పుడో వచ్చిన."

"నేను కూడా. మీరెవ్వరూ కనబడరేంటి?"

నలుగురం వచ్చాం. ఎవరో ఒకరు పలకరిస్తారులే అని నలుగురం నిలబడి ఉన్నాం. అక్కడ ఉన్నవాళ్ళలో మావాళ్ళెవరో ఎలా తెలియాలి? ఎవరినని అడగాలి? అంతలో ఒక బస్సు వెనక్కి తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. నా చేతులు చెవుల మీదికి పోయాయి. తలెత్తి చూద్దును కదా, బోర్డు దగ్గర గళ్ళ చొక్కా ఆయన చేతులు చెవుల మీద ఉన్నాయి. స్తంభం దగ్గర ఆమె చేతులు చెవుల మీద ఉన్నాయి. బెంచీ మీద ఆయన తలపాగాని కిందికి లాగి చెవులు మూసుకున్నాడు. బస్టాండు నిండా మనుషులుంటే, చెవులు మూసుకున్నది మేం నలుగురమే.

అట్లాగే, చెవుల మీది చేతులు తీయకుండా, ఒకరినొకరు చూసుకున్నాం. ముందు నవ్వింది భద్రాచలం అక్క. నేను సంచిలోంచి దూది తీసి ముగ్గురికీ పంచాను. మా మొదటి పలకరింపు అదే. ఎవరం నమస్తే కూడా చెప్పలేదు.

ఇంటికి వచ్చి దూది గది తలుపు తీయగానే జూలూరుపాడు అన్న బస్తాలో చెయ్యి పెట్టి, "పత్తి పండించుడే గని, గిట్ల మెత్తగ ఎన్నడు చూడలే" అన్నాడు. తర్వాత ఎవరికి నచ్చిన మూల వాళ్ళు చూసుకున్నారు. పరుపు కింద పడుకోవచ్చా అని అడిగింది భద్రాచలం అక్క. చిన్నప్పటి నుంచీ నేను ఆ మాట కోసమే చూస్తున్నట్టు అనిపించింది. లాగి కప్పాను. కాసేపటికి తను ఇంట్లో మాట్లాడే కోయ భాషలో ఏదో గొణిగింది. ఏమన్నావక్కా అంటే, "హాయిగుందని అన్న" అంది.

అమ్మ షరతులు మరిచిపోయి తొంగి చూసింది. నలుగురం నాలుగు మూలల్లో, ఒక్క మాటా లేకుండా ఉన్నాం. ఒకరు పరుపు కింద ఉన్నారు.

"కొట్లాడిండ్రా ఏంది?" అని నా చెవిలో అడిగింది.

"లేదమ్మా. మస్తుగుంది."

"గిట్లనా మస్తుగుండుడు?"

మధిర అబ్బాయి బస్తాల వైపు చూస్తూ అన్నాడు. "ఆంటీ, నేను ఉద్యోగంలో చేరాక ఇంత బాగున్న రోజు లేదండి. పెరుగన్నం ఎప్పుడు పెడతారు?"

అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. విడివిడి గిన్నెలు వచ్చాయి. ఎవరినీ తినమని ఒత్తిడి చేయలేదు. అది ఆవిడకి ఎంత కష్టమో పెదవులు చూస్తే తెలుస్తోంది.

అసలు సంగతి ఇక్కడుంది. మేం తింటుండగా పక్కింటావిడ దిండ్ల కోసం వచ్చింది. దూది గది గుమ్మం దగ్గర కొత్త మనుషుల చెప్పులు చూసింది.

"ఎవరొచ్చిండ్రు? చుట్టాలా?"

నేను అన్నం ముద్ద అలాగే పట్టుకున్నాను. ఏమైతరు వాళ్ళు? నాన్న వీధి గదిలోంచి తల తిప్పి చూశాడు.

"మా బిడ్డ తరఫోళ్ళు" అంది అమ్మ.

"అంటే?"

"అంటే మా బిడ్డ తరఫోళ్ళే. నా తరఫు రారా, ఈయన తరఫు రారా? గట్లనే మా బిడ్డకు గూడ ఉన్నరు. నీకు దిండ్లు రేపిస్తరు, పో."

పెళ్ళిళ్ళలో వింటాం, పిల్ల తరఫు, పిల్లోడి తరఫు అని. నాకంటూ ఒక తరఫు ఉంటుందని, అది ఇట్లా నాలుగు మూలల్లో కూర్చుని పెరుగన్నం తింటుందని నేను అనుకోలేదు.

పోయేటప్పుడు జూలూరుపాడు అన్న నాన్నని అడిగాడు. "బరువుగ ఉండే బొంత కుడ్తవా? నాకొకటి, మా పిలగానికొకటి. పత్తి నేనే తెస్త."

"తే" అన్నాడు నాన్న. "శుక్రవారం శుక్రవారం గది ఖాళీగనే ఉంటది. నన్ను అడగకుండ్రి, రాండ్రి. మీవోళ్ళు ఇంకెవరన్న ఉంటే వాళ్ళను గూడ తోలుకరాండ్రి."

బస్సెక్కించి వచ్చి, అందరికీ మెసేజ్ పెడదామని ఫోన్ తీశాను. అమ్మ ఒప్పుకోలేదు. "మంచి మాట నోటితో చెప్పాలె. మనోళ్ళను పిలిచుడైతే అసలే నోటితో పిలవాలె." నాకు ఫోన్‌లో మాట్లాడటమంటే చెమటలు పడతాయి. ఏం చెప్పాలో ముందే అద్దం ముందు అనుకుని చూసుకోవాలి. అయినా ఈ ఒక్కసారి నాకే చేయాలని ఉంది. అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను కూడా: "వచ్చారు. ముగ్గురూ వచ్చారు."

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు:

కాలేజీ మేడం. ముందు ఈవిడకే. ఏడుస్తానేమో, అందుకని భోజనం అయ్యాక.

హైదరాబాద్ డాక్టరమ్మ. ఆవిడ ఎత్తకపోతే, ఎత్తినవాళ్ళకే చెప్పేయాలి.

మధిరలో ఉండే మా చిన్నమ్మ. దీనికి దోస్తులు యాడ అయితరు అన్నది ఈవిడే. మెల్లగా, ఒక్కో మాటా వినపడేలా చెప్పాలి.

ఖమ్మం ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి. నేను బల్ల కిందికి దూరిన రోజు అందర్నీ బయటికి పంపి లైటు ఆర్పింది. ఆమెకి థాంక్స్ ఇప్పటిదాకా చెప్పలేదు.

జూలూరుపాడు అన్న వాళ్ళావిడ. వచ్చే శుక్రవారం బాబుని కూడా తీసుకురమ్మని.

సత్తుపల్లి నుంచి గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయి. నంబరు ఇచ్చింది, కింద "దయచేసి ఫోన్ చేయొద్దు" అని రాసింది. ఈమెకి చేయను. నోటితో పిలవాలన్న అమ్మ మాట ఈ ఒక్కరి విషయంలో చెల్లదు. కుళాయి దగ్గర నేనే ముందు పలకరిస్తానని, సంచిలో దూది ఉంటుందని రాసి పంపుతాను.