కోత మచ్చకి నూనె రాసిన రోజులు

నాకు రాయడం అలవాటు లేదండి. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివి, ఆ తర్వాత నాట్లకీ కోతలకీ వెళ్ళిపోయినదాన్ని. చర్చిలో పాటల పుస్తకం చూసి పాడుకోవడం, రేషను దగ్గర సంతకం పెట్టడం తప్ప అక్షరాలతో నాకు పెద్దగా పని పడలేదు. ఒత్తులు తప్పిపోయినా, ఒకటి చెబుతూ ఇంకోదాంట్లోకి వెళ్ళిపోయినా ఏమనుకోకండి. పోయిన వారం చూసిన ఒక సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

మా మనవరాలికి రెండు నెలల కిందట రాజమండ్రిలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. పోయిన వారం మనవరాలికి పాలగ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్తే, ఫోను తలగడకి ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో డాక్టరమ్మ చెబుతుంటే, కోత మచ్చ మీద రెండు వేళ్ళు ఆనించి గుండ్రంగా నూనె రాసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున నైటీ దించుకుని, ఇలా చెయ్యకపోతే లోపల అతుక్కుపోతుందంట మామ్మా, నీకు తెలీదులే అంది. నాకు తెలుసే అందామనుకుని, గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బాలింతకి నీళ్ళు పోయడమంటే అప్పట్లో ఎంత పనో. మా అత్తగారు మా పేటలోనే కాక చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆ పని చేసేవారు. నేను కాపరానికి వచ్చిన ఏడాదికే ఆవిడ వెనకాల తిరిగి నేర్చుకున్నాను. పీట మీద కూర్చోబెట్టి, నువ్వుల నూనెలో పసుపు కలిపి ఒళ్ళంతా మర్దనా చేసి, కాగులో మరిగిన నీళ్ళు చన్నీళ్ళతో ఒళ్ళు పట్టేంత వేడికి తొరిపి, చెంబుతో దూరం నుంచి పొత్తికడుపు మీద విసిరి కొట్టేవాళ్ళం. అలా కొడితే చెడు రక్తం పోయి కడుపు లోపలికి సర్దుకుంటుందని మా నమ్మకం. ఆ పైన సాంబ్రాణి పొగ వేసి, పాత చీర నాలుగు మడతలు పెట్టి బిగించి నడికట్టు కట్టేవాళ్ళం. కట్టు కట్టడంలో నా చెయ్యి మంచిదని అత్తగారే అనేవారు. ఎవర్నీ మెచ్చుకోని ఆవిడ అంత మాట అనడంతో నాకు కొంచెం గర్వం కూడా ఎక్కింది, ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

అప్పటికి ఆపరేషన్ కాన్పులు మాకు కొత్త. మా పేటలో మొదట అలా కన్నది బడి మాస్టారు గారి అమ్మాయి. తన చిన్నప్పటి నుంచి చర్చిలో నా పక్కన కూర్చునే పిల్ల, నన్ను అక్కా అని పిలిచేది. ఇప్పటిలా అడ్డంగా చిన్న కోత కాదు, బొడ్డు కింద నుంచి నిలువునా కోసేవారు. ఏడో రోజున కుట్లు తీసేసి ఇంటికి పంపించారు. పదకొండో రోజున వాళ్ళమ్మగారు నీళ్ళు పొయ్యమని కబురు పెడితే మా అత్తగారు కదల్లేదు. మన విద్య నీళ్ళూ నూనే, కత్తి పడ్డ చోట మనకేం తెలుసే అన్నారు. నేను వినలేదు. కుట్లు తీసేశారంటే మానిపోయినట్టే కదా అనుకున్నాను. దారం లాగేస్తే గుడ్డ ఊడిపోతుందని తెలిసినదాన్ని, ఒంటి విషయంలో ఆ మాత్రం ఎందుకు ఆలోచించలేదో మరి.

అందరికీ పోసినట్టే పోశాను. నీళ్ళు తగిలినప్పుడల్లా ఆ పిల్ల పళ్ళు బిగబట్టి నా భుజం పట్టుకునేది. తొలిచూలు వాళ్ళందరూ అలాగే బెదురుతారులే అని నేను ఆగలేదు. కట్టు కూడా గట్టిగానే బిగించాను. మూడో రోజుకి జ్వరం వచ్చి, కోత కింది కొస విచ్చుకుని చీము పట్టింది. మళ్ళీ టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ కుట్లు వేశారు, నెల దాటాక గానీ ఇంటికి రాలేదు. పసివాడు అన్నాళ్ళూ తల్లికి దూరంగా పోతపాలు తాగాడు. నేను వాళ్ళ వీధిలోకి వెళ్ళడం మానేశాను.

ఆ పిల్ల ఇంటికొచ్చాక చర్చిలో చూశాను. ప్రార్థనకి అందరూ లేచి నిలబడితే తను నడుం వంచుకుని, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆ వంపు నా వల్ల వచ్చిందనిపించింది. కోసి తీసిన పిల్లోడు, ఈవిడేం కన్నదీ అని పక్కన ఎవరో ఆడవాళ్ళు అనుకోవడం కూడా విన్నాను. తను కూడా వినే ఉంటుంది.

మర్నాడే హెల్త్ సెంటర్ నర్సమ్మ గారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ ముందు చెడామడా తిట్టారు. ఆ తర్వాత ఆ పిల్లని డాక్టరు గారికి చూపించి, కోత పూర్తిగా మానిందని తేలాక, మచ్చ లోపల అతుక్కుపోకుండా నూనె ఎలా రాయాలో నా భుజం మీది టీకా మచ్చ మీద చేసి చూపించారు. రెండు వేళ్ళే పెట్టాలి, ముందు చుట్టూ రాయాలి, అలవాటయ్యాక మచ్చ మీద రాయాలి, నొప్పంటే ఆపెయ్యాలి. 'రొట్టెపిండి కాదమ్మా అది, నీ బలమంతా ఇంటి దగ్గర పెట్టి వెళ్ళు' అన్నారు.

కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వెళ్తే, వాళ్ళమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు.

'మొన్నొచ్చి విప్పావు, ఇవాళ కుట్టడానికొచ్చావా?'

నేను తల దించుకుని వెనక్కి తిరిగాను. లోపల నుంచి ఆ పిల్ల గొంతు వినపడింది.

'రానీ అమ్మా. తప్పు తెలిసిన చెయ్యి మెల్లిగా పడుద్ది.'

చెప్పులు విడిచి లోపలికెళ్ళాను.

ఆ పిల్ల మంచం మీద పడుకుని, మొహం గోడ వైపు తిప్పేసుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్కసారి కూడా ఆ మచ్చ చూసుకోలేదంట, స్నానం కూడా లంగా మీదే చేసేదంట. వేలు పెడితే తోలు కింద మాంసానికి అతుక్కుపోయి కొబ్బరి తాడులా గట్టిగా తగిలింది. నువ్వు ముట్టుకుంటున్నావో లేదో తెలీట్లేదు అక్కా అంది. నాకు ఏడుపొచ్చింది, కానీ చెయ్యి ఆగితే మళ్ళీ పెట్టలేనని భయపడి రాస్తూనే ఉన్నాను. అలా రోజూ మధ్యాహ్నం పసివాడు నిద్రపోయే వేళకి వెళ్ళేదాన్ని. వాళ్ళమ్మగారు తలుపు పక్కనే బియ్యం చేట పెట్టుకుని, రాళ్ళు ఏరుతున్నట్టు నా చేతినే చూస్తూ కూర్చునేవారు. చాలా రోజులకి మచ్చ కింది తోలు కొంచెం కదిలింది. నడుం కూడా మెల్లమెల్లగా నిటారైంది.

ఒకరోజు నేను రాస్తుండగా ఆ పిల్ల ఇటు తిరిగింది. నా చెయ్యి పక్కకి తీసి, తన వేళ్ళు అక్కడ పెట్టుకుని, పైనుంచి కింది దాకా తడుముకుంది. కళ్ళు తుడుచుకుని, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు అక్కా అంది. నేను సరేనమ్మా అని గిన్నె తీసుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక పిలిచింది.

'నూనె నేనే రాసుకుంటాను. నువ్వు ఊరికే రా.'

చాలా ఏళ్ళు ఊరికే వెళ్ళాను. వాళ్ళమ్మగారు క్షమించానని ఎప్పుడూ అనలేదు కానీ, టీ మాత్రం ఇచ్చేవారు. కోత ఉన్న బాలింత ఎవరైనా పిలిస్తే, నర్సమ్మ గారిని అడగనిదే నేను చెయ్యి వెయ్యలేదు. కోత లేని వాళ్ళకి కూడా నీళ్ళు విసిరి కొట్టడం మానేశాను.

ఇప్పుడు నీళ్ళు పోసేవాళ్ళు లేరు, అవసరం కూడా లేదు. నాలాంటి దాని తెలివితక్కువతనానికి ఏ పిల్లా మళ్ళీ ఆసుపత్రికి పోనక్కర్లేదు, అది మంచిదే. ఆ ఫోనులో డాక్టరమ్మ అన్నీ సరిగ్గానే చెప్పింది, నాకంటే నెమ్మదిగా, నాకంటే బాగా చెప్పింది. కానీ తలుపేసుకుని ఒక్కతే రాసుకుంటున్నప్పుడు మా మనవరాలు మొహం ఎటు తిప్పుకుంటోందో ఆవిడకి కనపడదు కదండి.

ఇంతసేపు ఓపిగ్గా చదివినందుకు వందనాలు. తప్పు రాసిన చోట మీరే దిద్దుకుని, చదువు లేనిదని నన్ను మన్నించండి.